పుల్లమ్మ చెప్పులు

ఖానాపురం హవేలి, ఖమ్మం
2025 ఏప్రిల్ 2

పెదనాయనకు,

నేను హైమను, నీ తమ్ముడు గోపాలు బిడ్డను. ఇట్లా రాస్తే గాని గుర్తుపట్టవేమో, కనబడి రెండేళ్లయింది. నీకు ఫోన్ చేసి లాభం లేదు. పోయినసారి నాన్న ఫోన్‌లో అరిచిన అరుపులకు ఆయన కాపలా కాసే అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు వాళ్లు కిందికి దిగి వచ్చారు. నీకు మాత్రం ఒక్క ముక్క అందలేదు. క్వారీ పేలుళ్లు నీ చెవులు తీసుకుని కళ్లు వదిలాయి. అందుకే ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి ఆవిడ నన్ను పాతకాలం మనిషిని చూసినట్టు చూసింది.

సంగతేమిటంటే, మా కాలేజీలో 'ఎండపొడ' అని నాటక బృందం పెట్టుకున్నాం. పదిమందిమి. ఈ ఎండాకాలమంతా మూడు నాటకాలు ఊరూరా ఆడతాం. ఒకటి సెల్‌ఫోన్ల మీద, ఒకటి ప్లాస్టిక్ మీద. ఆ రెంటినీ చూసి ఎవరూ ఫోనూ మానరు, కవరూ మానరు. మూడోది అడవి ఊళ్ల మీద ఉండాలని మా డైరెక్టరు శివకుమార్ అన్నాడు. అతనికి అడవి అంటే భద్రాచలం బస్సు కిటికీలోంచి కనబడేదే. ఎవరికైనా నిజం కథ తెలుసా అని అడిగాడు. అందరూ నావైపే చూశారు. నల్లవాగు గుంపులాంటి అడవి పల్లెలో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే మరి.

పుల్లమ్మ పెద్దమ్మ కథ చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, నాకు సగం కూడా గుర్తులేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాన్నను అడిగితే గేటు వేసి వస్తానని పోయాడు, మళ్లీ రాలేదు. జరిగింది నువ్వు రాసి పంపు. ముందు ఒప్పుకుంటావా లేదా, అదీ రాయి.

అన్నం వేళకు తిను. ఇప్పపూవు ఏరడానికి ఎండలో పోకు.

హైమ

*

నల్లవాగు గుంపు, దమ్మపేట మండలం
ఏప్రిల్ 11

హైమా,

ఉత్తరం అందింది. ఇప్పపూవు అయిపోయింది. నువ్వు వద్దన్నది అయిపోయినదాని గురించి.

నాటకాలు మాకు కొత్త కాదు. ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు జీపులో వస్తారు. డప్పు కొడతారు. పోయిన ఏడాది వచ్చినవాళ్లు చేతులు ఎట్లా కడుక్కోవాలో ఆడి చూపించారు. గుంపులో బోరు చెడిపోయి అప్పటికి నెల. కడుక్కునే నీళ్లు ఎక్కడివో వాళ్ల నాటకంలో లేదు. తిరిగి పోతూ తాగడానికి మా దగ్గరే నీళ్లు అడిగారు. ఇచ్చాం.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

అది ఆషాఢం. మీ పెద్దమ్మకు మూడు రోజుల జ్వరం. రెండో రోజే ఆరోగ్య కార్యకర్త వచ్చి గోళీలిస్తే మింగింది. మూడో రోజు తెల్లవారి నొప్పితో పక్క పట్టుకుని కూర్చుంది, లేవలేకపోయింది. గుట్ట ఎక్కి 108కు ఫోన్ చేశాం. వస్తున్నామన్నారు. మంచం తిరగేసి, కాళ్లకు వెదురు కట్టి, ఎత్తబోయే ముందు పూజారి తాత ఆమె చేతికి దారం కట్టాడు. దారం కట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపే పట్టింది. తర్వాత ఆయనే ముందు కొస పట్టి మోశాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

వాగు దాకా ఐదు కిలోమీటర్లు. వాగు నిండుగా పోతున్నది. అంబులెన్సు వచ్చింది, అవతలి గట్టున ఆగింది. మేము ఇవతల. ఒకరికొకరం కనబడుతూనే ఉన్నాం. డ్రైవరు చేయి ఊపాడు. మేమూ ఊపాం. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా కూర్చున్నాం. రెండింటికి ఆమె పోయింది. నాలుగింటికి నీళ్లు తగ్గాయి.

అంతే. కలపడానికి ఏమీ లేదు, తీయడానికి ఏమీ లేదు. ఆడతానంటే ఆడు. పేరు మార్చొద్దు. ఎవరిదో అనుకుంటారు. ఆమె పేరే పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పండి. వాగు మీద వంతెన ఇప్పటికీ లేదు. అదీ చెప్పండి. నేను అడిగేది ఇదొక్కటే.

సాంబమూర్తి

*

ఖానాపురం హవేలి
ఏప్రిల్ 24

పెదనాయనకు,

నీ ఉత్తరం రిహార్సల్‌లో గట్టిగా చదివాను. భవాని ఏడ్చింది, కానీ ఆమె ప్లాస్టిక్ నాటకంలో ఆవు చచ్చినప్పుడు కూడా ఏడుస్తుంది.

శివకుమార్ మాత్రం ఒక్కచోట ఆపించాడు. "ఆ దారం! అదే మన డ్రామా!" అని టేబుల్ గుద్దాడు. వాగు దగ్గర ఆరు గంటలు కూర్చోవడం స్టేజీ మీద చూపించలేమట, జనం లేచిపోతారట. దారమైతే కంటికి కనబడుతుంది. అందుకని కొంచెం మార్చాడు. నాటకం అన్నాక కొంచెం మారుతుంది, నువ్వు పట్టించుకోకు. పేరు మాత్రం అదే ఉంచాం, నువ్వన్నట్టే.

పుల్లమ్మ వేషం నాదే! నేను మన ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడితే, "అట్ల కాదు హైమా, ఇంకొంచెం అడవిగా" అంటాడు. అడవిగా అంటే ఎట్లా అని అడిగాను. అతనే చేసి చూపించాడు. కోతికి జ్వరం వచ్చినట్టుంది. సరే, డైరెక్టరు కదా, అట్లాగే చేస్తున్నాను.

మొదటి ఆట ఇక్కడే, కాలనీ ఫంక్షన్ హాల్లో ఆడాం. బైకులు పెట్టడానికి చోటు లేదు. జనం నవ్వి నవ్వి పడ్డారు. ఒకావిడ వచ్చి నా బుగ్గ పట్టుకుని, "అచ్చం ఆళ్లలెక్కనే చేసినవమ్మా, ఏడ నేర్చుకున్నవ్?" అన్నది. పుట్టి నేర్చుకున్నానని చెప్పలేదు. మధిరలో రైల్వే స్టేషన్ పక్కన ఆడితే ఇంకా ఎక్కువ నవ్వారు. జూన్‌లో ఖమ్మంలో నాటక పోటీలకు ఎంపిక ఉంది. గెలిస్తే హైదరాబాద్ పోతాం. నా వేషం వల్లే గెలుస్తామని అందరూ అంటున్నారు.

మే 24న దమ్మపేట, ఆ రోజే మన గుంపులో కూడా ఆడతాం. వ్యాను మాట్లాడారు. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. కరపత్రం పెడుతున్నాను, చూడు, నా ఫొటో కూడా వేశారు.

హైమ

*

నల్లవాగు గుంపు
మే 3

హైమా,

కరపత్రం చూశాను. పోస్టుమాన్ కూడా చూశాడు. కవరు అతుక్కోలేదు, నీ జిగురు కూడా మీ నాటకం లాంటిదే.

'పుల్లమ్మ. మూఢనమ్మకాల మీద నవ్వుల బాణం.' నాలుగుసార్లు చదివాను. కింద కథ వేశారు: 'జ్వరం వచ్చిన అడవి స్త్రీ డాక్టరును తరిమికొట్టి, మంత్రగాడి దారం నమ్ముకుని ప్రాణం పోగొట్టుకుంటుంది.' నేను రాసిన కాగితంలో ఈ మనిషి ఎక్కడుంది? డాక్టరు ఎక్కడున్నాడు తరమడానికి? మా గుంపులోకి డాక్టరు ఒక్కసారి వచ్చి ఉంటే తరిమే ముందు చూసుకునేవాళ్లం, ఎట్లా ఉంటాడో.

ఫొటోలో నీ పళ్లకు మసి పూశారు. మీ పెద్దమ్మ పళ్లు వేపపుల్లతో తోముకునేది. మీ శివకుమార్ పళ్ల కంటే తెల్లగా ఉండేవి. అతని ఫొటో కూడా ఉంది కదా, పోల్చి చూశాను.

పూజారి తాత పోయి మూడేళ్లయింది. బతికి ఉంటే కరపత్రం ఆయనకు చదివి వినిపించేవాణ్ని. వెదురు మోసి ఆయన భుజం మీద చర్మం లేచిపోయింది. మందు రాసుకోమంటే తువ్వాలు కప్పుకున్నాడు.

మే 24 వద్దు. ఈసారి వానలు ముందే పడ్డాయని పెద్దమనుషులు భూమి పండుగను 22 నుంచి పెట్టారు. మగవాళ్లు విల్లు పట్టుకుని అడవికి పోతారు. ఆడవాళ్లు దారికి దుంగ అడ్డం వేస్తారు. ఏ బండినీ వదలరు. వచ్చినవాడు చేతిలో ఏదన్నా పెట్టాలి, లేకుంటే ఆడి చూపించి పోవాలి. మీ వ్యాను గుంపులోకి రాదు. పండుగ అయ్యాక రాయి, మాట్లాడదాం.

సాంబమూర్తి

*

ఖానాపురం హవేలి
మే 12

పెదనాయనా,

నీ ఉత్తరం అందరి ముందూ విప్పాను. నా తప్పే.

భూమి పండుగ నాకు తెలియదనుకున్నావా? మేము అక్కడున్నన్నాళ్లూ అది జూన్‌లోనే వచ్చింది. ఈ ఏడు సరిగ్గా మా ఆట రోజుకే ముందుకు జరిగిందా? దారికి అడ్డం పడతామని నేరుగా రాస్తే సరిపోయేది, పండుగ పేరు ఎందుకు? శివకుమార్ ఎగిరి గంతేశాడు. "అడ్డుకుంటున్నరంటే మన నాటకం పని చేస్తున్నట్టే" అని పేపరు వాళ్లకు కూడా చెప్పాడు. కాబట్టి వస్తున్నాం, 24నే.

నీకు కోపం ఎందుకో నాకు తెలుసు. మా వాళ్లెవరికీ నీలాగా పెద్దమ్మను తలుచుకుంటూ పదకొండేళ్లు అరుగు మీద కూర్చునే తీరిక లేదు. జనానికి ఏదో ఒకటి చెప్పాలి కదా. వంతెన లేదని చెబితే జనం ఏం చేస్తారు? తల ఊపి పోతారు. దారం కట్టించుకోవద్దని చెబితే కనీసం అది మానుతారు.

ఇంకోటి. శివకుమార్ అడిగాడు, "ఆరు గంటలు ఊకెనే కూసున్నరా? ఒక్కడన్నా ఈదిండా?" అని. నీ ఉత్తరం మళ్లీ తీసి వెతికాను. అందులో లేదు. చేతులు ఊపుకున్నామని మాత్రం రాశావు.

ముందు వరసలో కూర్చోకపోయినా పర్వాలేదు. నీకు ఎట్లాగూ వినబడదు.

హైమ

*

నల్లవాగు గుంపు
మే 20

హైమా,

ఒకడు ఈదాడు. మీ నాన్న.

పిల్లలను చెట్ల చాటున కూర్చోబెట్టాం, నువ్వు చూడలేదు. పోవద్దని పట్టుకుంటే నన్ను తోసేశాడు. అవతలికి చేరి, అంబులెన్సు వాళ్లిచ్చిన మందు సీసా నెత్తిన తువ్వాలులో చుట్టుకుని మళ్లీ ఈదాడు. మధ్యలో కొట్టుకొచ్చిన దుంగ తగిలి భుజం చీలింది. సీసా పోయింది. మళ్లీ దిగబోతే నలుగురం మీద కూర్చున్నాం. ఇది రాయకపోవడానికి కారణం ఉంది. నీకు చెప్పొద్దని వాడు నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు నువ్వు అడిగించావు, ఒట్టు పోయింది.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఎండలో కూడా చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చుంటాడు కదా. ఎందుకో మీ డైరెక్టరును అడుగు, చెబుతాడేమో.

ఈ ఉత్తరం 24లోపు చేరదు. తెలిసే రాస్తున్నాను.

సాంబమూర్తి

*

నల్లవాగు గుంపు
మే 26

హైమా,

ఇంటికి రాకుండానే పోయావు. కాబట్టి నేను చూసింది రాస్తాను. నాకు వినబడేది లేదు, చూసిందే.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు మీ వ్యాను దుంగ దగ్గర ఆగింది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. మీ శివకుమార్ దిగి వేలు పైకెత్తి మాట్లాడడం మొదలుపెట్టాడు. ఏం మాట్లాడాడో తర్వాత సారక్క నాకు మట్టి మీద రాసి చెప్పింది. ఇది దారి దోపిడీ, చట్టం ఒప్పదు అన్నాడట. సారక్క అన్నదట, "మంచిది సారూ. మరి ఏం తెచ్చినవ్? ఉత్త చేతులేనా?" పండుగ రోజు ఉత్త చేతులతో వచ్చే మగవాడికి మనవాళ్లు ఏం చేస్తారో నీకు తెలుసు, నువ్వు అతనికి చెప్పినట్టు లేదు. బకెట్‌లో పేడనీళ్లు తయారుగా ఉన్నాయి. తెల్లచొక్కా వేసుకొచ్చాడు పాపం. తర్వాత అతను ఫోన్ తీసి ఎవరికో చేయబోయాడు. అక్కడ సిగ్నల్ రాదు. గుట్ట ఎక్కాలి. గుట్ట ఎటో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆడితే వదులుతామన్నారు. ఆడారు. నడిరోడ్డు మీద, నెత్తిన ఎండ. నేను జీడిమామిడి కింద కూర్చున్నాను, వెనక వరసలోనే.

పూజారి వేషం అతనిదే అనుకుంటాను. మెడలో నిమ్మకాయల దండ, ముఖాన బూడిద, దాని మీద పేడ. మన పూజారి తాత మెడలో తువ్వాలు తప్ప నేను ఏనాడూ ఏమీ చూడలేదు. తెల్లకోటు అమ్మాయి భవాని కావచ్చు. ఆమె వెంట నువ్వు చీపురు పట్టుకుని పడ్డావు. మనవాళ్లు నవ్వారు. వాళ్లు ఎవరినో చూసి నవ్వుతున్నారనుకున్నాను. ఆమె మన పుల్లమ్మ అని వాళ్లకింకా తెలియలేదు.

తర్వాత నువ్వు కూలబడ్డావు. ఎడమ చేత్తో పక్క పట్టుకున్నావు. మోచేయి ఒంటికి గట్టిగా అదిమి, బొటనవేలు మాత్రం బయటికి పెట్టి. హైమా, అది నేను రాయలేదు. పక్క పట్టుకుందని మాత్రమే రాశాను. బొటనవేలు సంగతి మీ శివకుమార్ నేర్పలేదు. ఆ నాటకం మొత్తం మీద నిజం అదొక్కటే. ఆడవాళ్ల నవ్వు అక్కడే ఆగిపోయింది. నోళ్లు మూసుకోవడం నాకు కనబడింది.

అప్పుడు పున్నమ్మ ముసలిది లేచి నీ దగ్గరికి వచ్చి నీ కాళ్లవైపు చూపిస్తూ ఏదో అన్నది. నువ్వు లేచి వ్యానులోకి పోయావు. ఆట మధ్యలోనే. మిగిలినవాళ్లు కొయ్యల్లా నిలబడ్డారు. దుంగ తీసేశారు.

ఏమన్నదని పున్నమ్మను సారక్క చేత అడిగిస్తే, "నీకెందుకు? పిల్లకు చెప్పిన" అన్నదట. ఏమన్నది?

సాంబమూర్తి

*

ఖానాపురం హవేలి
జూన్ 8

పెదనాయనకు,

వెంటనే రాయలేదు. రాయడానికి కాగితాలు ఉన్నాయి, మొహం లేదు.

20న నువ్వు రాసింది 27న వచ్చింది. చదివి, మెట్ల కింద నాన్న కుర్చీ దగ్గరికి పోయి నిలబడ్డాను. "నువ్వు ఈదినవా?" అన్నాను. "మీ పెదనాయనకు మాట మీద నిలబడుడు రాదు" అన్నాడు. తర్వాత పై గుండీ విప్పి, మెడ దగ్గర నుంచి చొక్కా కొంచెం జరిపి, మళ్లీ పెట్టుకున్నాడు. కారు హారన్ కొడుతుంటే గేటు తీయడానికి పోయాడు. ఈసారి తిరిగి వచ్చాడు.

పున్నమ్మ అన్నది ఒక్కటే మాట. "పుల్లమ్మ చెప్పులేవే? నువ్వే కదా పట్టుకున్నది."

అప్పటిదాకా నాకు గుర్తులేదు. నిజంగా లేదు. మంచం ఎత్తినప్పుడు పెద్దమ్మ తల పక్కకు తిప్పి నాతో అన్నది, "నా చెప్పులు పట్టుకో, వచ్చేటప్పుడు నడుస్త." నీలం రబ్బరు చెప్పులు. ఎడమదానికి పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి ఉండేది. ఐదు కిలోమీటర్లు అవి చేతిలో పట్టుకుని మీ వెనక వచ్చాను. ఆరు గంటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరును తరిమే మనిషి, తిరిగి నడిచి వస్తానని చెప్పులు తెప్పించుకుంటుందా? నేను మాత్రం పుల్లమ్మను ఉత్త కాళ్లతో, పళ్లకు మసితో పది ఊళ్లలో తిప్పాను. బొటనవేలు మాత్రం మరిచిపోలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది అందుకే.

శివకుమార్‌తో నాటకం మార్చమన్నాను. వాగు పెట్టమన్నాను. "గట్టు మీద కూసునుడు నాటకం గాదు" అన్నాడు. పేడ సంగతి ఇంకా మరిచిపోలేదు, ఆ ఊరోళ్ల మీద ఇంకోటి రాస్తానంటున్నాడు. నా వేషం భవానికి ఇచ్చాడు. కనీసం పేరు తీసేయమన్నాను. "పేరేమన్నా మీ సొంతమా?" అన్నాడు. అప్పుడు నీ ఏప్రిల్ ఉత్తరం బ్యాగులోంచి తీసి, ఎంపిక రోజు జడ్జీల ముందు నిలబడి ఇది మొత్తం చదువుతానన్నాను. తెల్లబోయాడు. అతనికి ఉత్తరాలంటే భయమని అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఆ మనిషి పేరు 'అడవమ్మ'. అట్లాంటి పేరు ఎవరికీ ఉండదు. ఉండకపోవడమే మంచిది. నిన్న ఎంపికలో గెలిచారు, హైదరాబాద్ పోతున్నారు. పోనీ.

నువ్వు పేరు మార్చొద్దన్నావు. నేను మార్పించాను. జరిగింది జరిగినట్టు చెప్పమన్నావు. అది ఇంకా చెప్పలేదు. నేనొక్కదాన్నే చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మొత్తం మళ్లీ ఒకసారి రాస్తావా?

ఒక్కటి మాత్రం గుర్తు రావడం లేదు. ఆ చెప్పులు నేను ఇంటికి తెచ్చానా, వాగు దగ్గరే వదిలేశానా?

హైమ

*

నల్లవాగు గుంపు
జూన్ 17

హైమా,

మళ్లీ రాయను. ఒకసారి రాసింది నీ దగ్గరే ఉంది. అప్పుడు గట్టిగా చదివావు. ఇప్పుడు మెల్లగా చదువు.

పేరు మార్పించడం మంచిదే అయింది. అబద్ధానికి అబద్ధం పేరు.

చెప్పులు తెచ్చావు. ఆ రోజు అందరూ మంచం చుట్టూ ఉంటే నువ్వు వాటిని కడిగి, గుమ్మం పక్కన జతగా పెట్టి పడుకున్నావు. చూరులో ఉన్నాయి. పిన్నీసు తుప్పు పట్టింది. ఎవరి నాటకానికీ ఇవ్వను, నీ నాటకానికి కూడా. చూడాలంటే వచ్చి చూడు. పెద్దవాన పడకముందే రా, వాగు నీ కోసం ఆగదు.

తొడుక్కుని చూద్దామనుకోకు. ఆమె పాదం నీ పాదం కంటే చిన్నది.

సాంబమూర్తి